కాలువ నీటి లెక్కలో కాలం ఎక్కడ?

కర్నూలు, కడప ప్రాంతాల నీటిని గురించి వ్రాసేవారు నాలుగు రకాల కొలతలు ఒకేసారి వాడుతారు. వాన మిల్లీమీటర్లలో, పొలం ఎకరాల్లో, కాలువ క్యూసెక్కుల్లో, జలాశయం టి.ఎం.సి.లలో. మెట్రిక్ ప్రమాణాలకు 1956లోనే చట్టం వచ్చినా నీటిపారుదల లెక్కలు అడుగులను విడువలేదు. ఈ కలగాపులగాన్ని నిందించడం సులభమే. కాని అసలు దోషం వేరు.

పోతిరెడ్డిపాడు సంగతి చూడండి. శ్రీశైలం జలాశయపు నీటిని రాయలసీమకు మళ్లించే ఈ హెడ్ రెగ్యులేటర్ సామర్థ్యాన్ని 11,150 క్యూసెక్కుల నుండి 44,000 క్యూసెక్కులకు పెంచే పని 2005లో తలపెట్టారు. నాటి నుండి ఈ అంకె మీద వాదం ఆగలేదు. అయితే ఆ వాదంలో "రోజుకు 44,000 క్యూసెక్కులు" అనే మాట తరచు కనిపిస్తుంది. క్యూసెక్కు అనగా సెకనుకు ఒక ఘనపుటడుగు. కాలం అందులోనే ఇమిడి ఉన్నది. దానికి మళ్లీ "రోజుకు" తగిలించడం, బండి వేగం రోజుకు గంటకు ముప్పై మైళ్లు అన్నట్టుంటుంది! అదే వ్రాతలో "మూడు టి.ఎం.సి.లు తరలిస్తారు" అని ఉంటుంది, రోజుకా, ఏడాదికా చెప్పరు. టి.ఎం.సి. అనేది నూరు కోట్ల ఘనపుటడుగులు, కేవలం ఘనపరిమాణం. కాలం చెప్పవలసినది ఇక్కడ. అక్కరలేని చోట పెట్టిన "రోజుకు" అక్కరైన చోట మాయమైనది.

రోజుకు 86,400 సెకన్లు. కాబట్టి 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టి.ఎం.సి. అవుతుంది. పాత సామర్థ్యం రోజుకు ఒక టి.ఎం.సి.కి కొంచెం తక్కువ. 44,000 అయితే 3.8. అదీ జలాశయంలో తగినంత మట్టం ఉండి, కాలువ నిండుగా పారిన రోజుల్లోనే. ఆ 3.8ని 365 చేత గుణిస్తే 1,387 వస్తుంది. గుణకారం తప్పు కాదు, వరద ఎన్ని రోజులు ఉంటుందనే ప్రశ్ననే అది మింగివేసింది.

మరొక జబ్బు దశాంశాల మోజు. శ్రీశైలం నిల్వ 215.807 టి.ఎం.సి.లని, దాన్ని మెట్రిక్‌లోకి మార్చి 611.0974 కోట్ల ఘనపు మీటర్లని వ్రాస్తారు. మొదట 308 టి.ఎం.సి.లున్న జలాశయం పూడిక వల్ల ఇంతకు దిగింది. ఏటేటా మట్టి చేరే చోట నాలుగో దశాంశం ఎవరికి? 611 కోట్లు చాలు.

ఇక కర్నూలు-కడప కాలువ. దీనికి బచావత్ ట్రిబ్యునల్ కేటాయించినది 39.9 టి.ఎం.సి.లు. ఆయకట్టు సుమారు 2,65,000 ఎకరాలు. టి.ఎం.సి. అంటే 22,957 ఎకరపు అడుగులు కాబట్టి, ఎకరాకు దాదాపు మూడున్నర అడుగుల లోతు నీరు. వెయ్యి మిల్లీమీటర్ల పైమాటే. కాని ఇది తలకట్టు వద్ద లెక్క. దారిలో ఇంకినదీ, ఆవిరైనదీ, పైవారు వాడుకొన్నదీ పోగా కడప వైపు చివరి పొలానికి చేరేది దీనికి చాలా తక్కువ. సగటు మీద చివరి రైతు పైరు పండదు.

ఆ రైతుకు కావలసిన మార్పిడి వేరు. ఒక క్యూసెక్కు గంటసేపు పారితే 3,600 ఘనపుటడుగులు. ఎకరంపై అంగుళం నీరు 3,630. రెండూ ఇంచుమించు సమానం. పాఠ్యపుస్తకాలు డైనును న్యూటనుగా మార్చడం నేర్పుతాయే గాని, ఇంత చక్కని సంబంధాన్ని పట్టించుకోవు. 50 మిల్లీమీటర్ల వాన, అనగా రెండంగుళాలు, ఎకరంపై కురిసే నీటిని ఒక క్యూసెక్కు రెండు గంటల్లో తెస్తుంది. పిల్లకాలువలో అర క్యూసెక్కే వస్తే నాలుగు గంటలు పడుతుంది. వంతు మూడు గంటలే అయితే ఎకరాకు అంగుళంన్నర మాత్రమే.