మేస్త్రి చెవి

విజయవాడ ఆటోనగర్‌లో ఆ షెడ్డు చాలా చిన్నది. పైన రేకులు, కింద నూనె మరకల గచ్చు, గోడవారగా డోర్ రబ్బర్ల చుట్టలు. మా బావగారి పికప్‌ని అక్కడికి తీసుకెళ్లాం. కైకలూరు చెరువులకు పదిహేనేళ్లుగా చేపల మేత మోసిన డబుల్ క్యాబిన్ బండి అది. ఇంజనుకు ఏ రోగమూ లేదు. కానీ వేగం 80 దాటితే పక్కనున్న మనిషితో అరిచి మాట్లాడాలి. ఏలూరు వెళ్లి వచ్చేసరికి చెవులు గింగురుమంటాయి.

ఎవరో చెబితే బావగారు ముందే డ్యాంపింగ్ షీట్లు కొనేసి ఉంచారు. సీట్లు ఊడదీసి వాటిని అతికించేస్తారు, అంతే పని అనుకున్నాం. మేస్త్రి మొదటిరోజు ఒక్క షీటూ ముట్టుకోలేదు. రెండు చుట్టలు మాస్కింగ్ టేపు తెప్పించాడు. తలుపుల చుట్టూ ఉన్న సందులు, అద్దాల అంచులు, సైడ్ మిర్రర్ల మొదళ్లు అన్నీ బయటినుంచి టేపుతో మూసేసి, బండిని హైవే ఎక్కించమన్నాడు. ఆ తరువాత ఒక్కోచోట ఆపించి, ఒక్కో టేపు పీకి, మళ్లీ అదే వేగంతో నడిపించాడు. వెనక తలుపుల టేపు తీస్తే తేడా తెలియలేదు. డ్రైవరు తలుపు పై మూల, సరిగ్గా చెవి పక్కన ఉన్న టేపు తీయగానే ఈల మొదలైంది.

“దొంగ ఇక్కడున్నాడు సార్” అన్నాడు.

గాలి రొద వేగంతో సమానంగా పెరగదు. దాని శక్తి దాదాపు వేగానికి ఆరో ఘాతం లెక్కన పెరుగుతుంది. 60 నుంచి 80కి వెళితేనే 7 డెసిబెల్స్‌కు పైగా పెరుగుతుంది. 10 పెరిగితే మన చెవికి మోత రెట్టింపైనట్టే. అందుకే ఊళ్లో తిరిగేటప్పుడు ఉందో లేదో తెలియని సందు హైవే మీద ప్రాణం తీస్తుంది. ఇంకో లెక్క కూడా ఉంది. తలుపు ఎంత మందంగా ఉన్నా, దాని వైశాల్యంలో 1 శాతం తెరిచి ఉంటే 20 డెసిబెల్స్‌కు మించి శబ్దాన్ని ఆపలేదు. మేస్త్రి ఈ లెక్కలు చదువుకున్నాడో లేదో నేనడగలేదు. పని మాత్రం వాటి ప్రకారమే సాగింది.

తలుపు రబ్బరు అంచంతా సుద్దముక్కతో రుద్ది, తలుపు వేసి తీశాడు. రబ్బరు ఆనినచోట చట్రం మీద తెల్లగీత పడింది. పై మూలలో జానెడు మేర గీతే లేదు. కొత్త రబ్బరు వేస్తే సరిపోతుంది కదా అన్నారు బావగారు. మేస్త్రి తలుపు కొసను రెండు చేతులతో పైకి ఎత్తి చూపించాడు. లొడలొడలాడింది. బందుల పిన్నులు అరిగి తలుపు ఆ కొసన కిందికి జారిందన్నమాట. పిన్నులూ బుష్‌లూ మార్చాడు, లాకు కొక్కేన్ని వెంట్రుకవాసి లోపలికి జరిపాడు, ఆ తరువాతే రబ్బరు మార్చాడు. మళ్లీ సుద్ద రుద్దితే చుట్టూ తెగని గీత పడింది. ఆ గీతను చూస్తూ ఆయన కాసేపు అలాగే నిలబడ్డాడు. నేనూ నిలబడ్డాను.

ఇక రోడ్డు మోత. వేలి కణుపుతో రేకును తడుతూ క్యాబిన్ అంతా తిరిగాడు. “ఖణ్” మన్నచోట సుద్దతో గుర్తు పెట్టాడు. సీటు వెనక గోడ అన్నిటికంటే గట్టిగా మోగింది. వెడల్పాటి పల్చటి రేకు, పైగా వెనక కూర్చున్నవాళ్ల తలకు ఆనుకునే ఉంటుంది. వాడిన షీట్లలో ఎక్కువ భాగం అక్కడికే పోయింది. 2 మిల్లీమీటర్ల బ్యుటైల్ రబ్బరు, పైన అల్యూమినియం రేకు. ఇనుపరేకు అదిరినప్పుడల్లా మధ్యనున్న రబ్బరు నలిగి, ఆ అదురును కాస్తంత వేడిగా మార్చేస్తుంది. తారు షీట్లు చవక, కానీ మన ఎండలకు మెత్తబడి వాసన కొడతాయి. అంగుళం ఖాళీ లేకుండా కప్పాలని చాలామంది అనుకుంటారు. ఆయన ప్రతి రేకుకూ నడిమిభాగంలోనే, మూడోవంతు మేర అతికించాడు. మృదంగం తొప్పికి రవ్వముద్దను నడిమధ్యే పెడతారు, మొత్తం పులమరు, నాకదే గుర్తొచ్చింది. అతికించాక రోలరుతో ఎంతసేపు రుద్దాడంటే, షీటు మీది అచ్చు గీతలు చెరిగిపోయేదాకా. మళ్లీ తడితే “దబ్” అంది.

ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్యనున్న ఫైర్‌వాల్‌లో వైర్లు దూరే కన్నాలకు కొత్త రబ్బరు గ్రొమెట్లు పడ్డాయి. నేల మీద నీరు పీల్చని ఫోము పరిచాడు. స్పాంజి వేస్తే, చెరువుగట్ల మీదినుంచి తడికాళ్లతో ఎక్కే మనుషులవల్ల అడుగు తుప్పుపడుతుందట. తలుపు అడుగున నీరు పోయే కన్నాలను మూయకపోగా, తీగతో పొడిచి శుభ్రం చేశాడు. అద్దం వెంట లోపలికి జారిన వాన నీటికి దారి అదొక్కటే మరి.

“టైర్ల హోరు తగ్గుద్దిగానీ పోదు సార్” అని ముందే చెప్పాడు. అలాగే జరిగింది. ఆ బొంగురు హోరు ఇంకా కొంత ఉంది. ఈల లేదు, రేకుల అదురు లేదు. తిరిగి వెళ్లేటప్పుడు వెనక సీట్లోంచి అక్క మామూలు గొంతుతో అడిగిన మాట ముందు కూర్చున్న నాకు వినబడింది.

మేం కొన్న షీట్లలో సగం మిగిలిపోయాయి. మేస్త్రి వాటిని చుట్టకట్టి, బిల్లుతోపాటు బావగారి చేతికిచ్చేశాడు.