కమ్మని వంట, కంటి పొగ

ప్రగతి నగర్ వీధుల్లో సాయంత్రంపూట కూరగాయలకని బయల్దేరితే, కూరగాయల కంటే ముందు కూరలే ఎదురొస్తాయి. హైటెక్ సిటీ ఆఫీసుల నుంచి జనం ఇళ్లు చేరే వేళకి కర్రీ పాయింట్లలో స్టీలు గిన్నెలు బారులు తీరి ఉంటాయి. దొండకాయ వేపుడు, గుత్తివంకాయ, ములక్కాడ టమాటా, గోంగూర పప్పు, పచ్చిపులుసు. గరిటెడు కూర కవర్లో పడటం, కవరు మూతికి ముడి పడటం క్షణాల మీద జరిగిపోతాయి. నా పేచీ ఆ కూరలతో కాదు. గిన్నెల పైన వేలాడే బోర్డులతో. ఒకటి "అమ్మ చేతి వంట" అంటుంది, ఇంకొకటి "అచ్చం ఇంటి భోజనం" అంటుంది. చదివే అలవాటున్న మనిషికి బోర్డు కూడా సాహిత్యమే కనక, దాన్నీ కాస్త విమర్శించక తప్పదు.

ఆ అమ్మ ఎవరండీ? లోపల పెద్ద మంట ముందు నిలబడి, కొంగుతో మెడ తుడుచుకుంటూ కూర తిప్పుతున్నావిడేనా? అయితే ఆవిడ పిల్లలకి ఆ పూట అన్నం ఎవరు వండారు? బోర్డు ఆ సంగతి చెప్పదు. బోర్డు అమ్మేది కూర కాదు, ఊళ్లో ఉండిపోయిన అమ్మ మీద మనకున్న బెంగ. కూర దానికి కొసరు.

పాతకాలం వాళ్లు ఈ విషయంలో మనకంటే నయం. క్రీడాభిరామంలో మంచనశర్మా టిట్టిభుడూ ఓరుగల్లు వీధులన్నీ చుట్టబెడతారు కదా, అందులో లక్ష్మణ వజ్ఝల వారి పూటకూళ్ల ఇంటి ముచ్చట వస్తుంది. కర్పూరభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, కొత్తగా కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్లు, నంజుకోడానికి నాలుగైదు రకాలు, గడ్డపెరుగు. ఇంతా కలిపి ఒక్క రూక! పద్యంలో ఇంటాయన పేరుంది, వంటకాల పట్టీ ఉంది, ధర ఉంది. అమ్మ ప్రసక్తే లేదు. డబ్బిచ్చాం, తిన్నాం, బాగుంది, అంతే. కర్రీ పాయింటుకి ఇంతకంటే మంచి బోర్డు నేనెక్కడా చూడలేదు. కాకపోతే లక్ష్మణ వజ్ఝల పేరు ఇన్ని వందల ఏళ్లు నిలిచింది గానీ ఆ ఇంట్లో గరిటె పట్టిన చెయ్యి ఎవరిదో మాత్రం తెలియలేదు. కవయిత్రి విమల "వంటిల్లు" అనే కవితలో, అమ్మ జీవితమంతా తోమిన గిన్నెల మీద నాన్న పేరు చెక్కి ఉండటం గమనించారు. అది చదివిన రోజున మీరూ మీ అలమర దాకా వెళ్లి ఒక గిన్నె తిప్పి చూసే ఉంటారు.

బోర్డుల్ని అని ఏం లాభం లెండి, మన వ్యాసాలూ అంతే. సంప్రదాయ వంటల మీద జ్ఞాపకాల వ్యాసం అనగానే ఒక మూస తయారుగా ఉంటుంది. తెల్లవారుజామున అమ్మ లేస్తుంది. కట్టెపొయ్యి రాజేస్తుంది. రోట్లో గోంగూర నూరుతుంది. రచయిత వేడన్నంలో కలుపుకుని తింటాడు. చివరికి, ఆ రుచి మళ్లీ దొరకలేదని ఒక నిట్టూర్పు. రోటి పచ్చడికి రుచి ఉన్నమాట నిజమే. రోకలి దంచుతుంది, మిక్సీ బ్లేడు కోస్తుంది. నలిగిన ఆకూ తెగిన ఆకూ ఒక్కలా ఉండవు. ఆ మాట ఎవరు రాసినా ఒప్పుకుంటాను. కానీ రాసిన చెయ్యి రోకలి పట్టిన చెయ్యి కాదని రెండో వాక్యంలోనే తెలిసిపోతుంది. భుజం నొప్పి ఆ వ్యాసాల్లో ఎక్కడా కనపడదు. అమ్మ అలసట కూడా ఒక దినుసే అన్నట్టు, అది పడితేనే పచ్చడి కమ్మగా ఉంటుందన్నట్టు రాస్తారు. నా అభ్యంతరమంతా ఇక్కడే.

ఇలా రాయనక్కర్లేదని చెప్పడానికి ఒక పద్యం ఉంది. రాసింది 1509 నుంచి 1529 దాకా విజయనగరాన్ని ఏలిన శ్రీకృష్ణదేవరాయలు. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు వచ్చిన వైష్ణవులకి ఏ కాలంలో ఏం పెట్టేవాడో వరసగా చెబుతాడు. ఎండాకాలంలో చలువ చేసేవి, చలికాలంలో మిరియాల ఘాటు తగిలిన వేడివేడి కూరలు. అందరూ మెచ్చుకునేది ఈ పట్టీనే. నాకు మాత్రం వానాకాలం పద్యమే ఇష్టం, అదీ పట్టీ మొదలవకముందు వచ్చే భాగం. ఆకాశం నీటిబుగ్గలా కురుస్తోంది. కట్టెలు తడిసిపోయాయి. తడి కట్టె పెడితే పొగ. అందుకని ఇల్లాలి కంట్లో పొగ పడకుండా పొయ్యిలో కొబ్బరిచిప్పలు పెట్టి వంట సాగించారంటాడు రాయలు! రాజభవనంలో బతికిన మనిషికి తడికట్టె సంగతి, ఆడదాని కన్ను సంగతి ఎలా తెలిశాయో. ఆ తర్వాతే అన్నం, పొట్టు తీసిన పప్పు, పోపు పెట్టిన నాలుగైదు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, నెయ్యి వస్తాయి. ముందు కన్ను, తర్వాత కూర. మన భోజన సాహిత్యమంతటిలో వండే మనిషి కళ్ల గురించి ఆలోచించి మొదలైన విందు నాకు తెలిసి ఇదొక్కటే.

అదే పద్యంలో వడియాలూ వరుగులూ ఎందుకున్నాయో చూడండి. వానాకాలంలో తాజా కూర దొరకదు, దొరికినా బయటికి వెళ్లి తెచ్చే వీలుండదు. ఎండలు మండే రోజుల్లోనే గుమ్మడి వడియాలు పెట్టుకుని, వంకాయా కాకరా గోరుచిక్కుడూ కోసి ఎండబెట్టి దాచుకుంటే, ఆ రోజున ఒక్క పోపుతో గండం గట్టెక్కుతుంది. రుచి కోసం కాదండీ అవి పుట్టింది, తప్పించుకోడానికి పుట్టాయి. ఆవకాయా అంతే. వేసవిలో నాలుగు రోజులు నడుము విరిగితే విరిగింది, ఏడాది పొడుగునా "కూర లేదే" అన్న మాటకి జవాబు జాడీలో ఉంటుంది. రాత్రి మిగిలిన అన్నాన్ని పొద్దున్నే పెరుగుతో చద్దన్నం చేసిన ఆవిడ, ఒక పూట పొయ్యి రాజేసే పని తప్పించుకున్నావిడే.

ఇక పచ్చిపులుసు. ఈ ఒక్క వంటకానికి నేను ప్రత్యేకంగా ఓటేస్తాను. తెలంగాణ ఇళ్లలో వేసవి వస్తే దీనిదే రాజ్యం. చింతపండు నానబెట్టి చేత్తో పిసికి, ఉల్లిపాయ ముక్కలూ పచ్చిమిర్చీ ఉప్పూ కొత్తిమీరా వేస్తే అయిపోయింది. పోపు కూడా మీ ఇష్టం. కోస్తావాళ్లు ఇందులోకే కాల్చిన వంకాయ నలిపి వేస్తారు, అదీ బాగుంటుంది. మే నెల మధ్యాహ్నం పొయ్యి దగ్గర నిలబడలేని మనిషే దీన్ని కనిపెట్టి ఉండాలి! సర్వపిండి సంగతీ చెప్పాలి. బియ్యప్పిండిలో నానిన శనగపప్పూ పల్లీలూ నువ్వులూ కలిపి, గిన్నె అడుగున అద్ది, వేలితో చిల్లులు పెట్టి నూనె చుక్కలు వేసి, మూత పెట్టి సన్నటి సెగ మీద వదిలేస్తారు. రొట్టెలా తిరగెయ్యక్కర్లేదు. ఈలోగా ఇంకో పని అయిపోతుంది. మన ఇంటి వంటల్లోని కమ్మదనం చాలా మటుకు ఇలాంటి తెలివిలోంచి వచ్చింది. వ్యాసకర్తలు దాన్ని త్యాగం అని రాసేసుకున్నారు.

ఈ మూసని మొదట పగలగొట్టింది, నా దృష్టిలో, ఒక వంటల పుస్తకం. మాలతీ చందూర్ గారి "వంటలు - పిండివంటలు". ఆంధ్రప్రభ వారపత్రికలో దశాబ్దాలపాటు "ప్రమదావనం" నడిపిన ఆవిడ, నవలలు రాసిన ఆవిడ, 1992లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న ఆవిడ. అయినా ఎక్కువ ఇళ్లలోకి ఆవిణ్ణి తీసుకెళ్లింది ఆ పసుపు మరకల పుస్తకమే. పెళ్లయి పరాయి ఊరు వెళ్లే పిల్లకి సారెతోపాటు అది కూడా పెట్టెలో పెట్టేవారు. విమర్శకులు దాన్ని సాహిత్యంలో లెక్కెయ్యరు. వెయ్యాలంటాను. అమ్మల కొలత ఎప్పుడూ "చాలినంత". ఆ చాలినంతకి అర్థం తెలియక ఏడ్చిన కొత్త కోడళ్లు ఎందరో. అచ్చులో కొలత పడగానే వంట అమ్మ చేతి మహత్తు కాకుండా నేర్చుకుంటే వచ్చే పని అయింది. చదువొచ్చిన వాళ్లెవరైనా చెయ్యొచ్చు, మగవాళ్లతో సహా. వాళ్లు ఆ పుస్తకం తెరవకపోవడం ఆవిడ తప్పు కాదు.

తెరవకపోతే ఏమవుతుందో జియో బేబీ తీసిన మలయాళ చిత్రం "ది గ్రేట్ ఇండియన్ కిచెన్" 2021లో చూపించింది. మామగారికి అన్నం కట్టెపొయ్యి మీదే వండాలి, చట్నీ రోట్లోనే నూరాలి. ఆయన గట్టిగా ఒక్క మాటా అనడు, ఎంతో నెమ్మదస్తుడు. మొదట్లో కెమెరా వంటకాల్ని నోరూరేలా చూపిస్తుంది. పోనుపోను అదే కెమెరా ఎంగిలి విస్తరి, సింకు, కారే గొట్టం వైపు తిరుగుతుంది. మన జ్ఞాపకాల వ్యాసాలు మొదటి సగం దగ్గరే ఆగిపోతున్నాయి. 2019లో కేంద్రం చేసిన సమయ వినియోగ సర్వేలో జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు, చేసే మగవాళ్లు 97 నిమిషాలు దానికి పెడుతున్నట్టు తేలింది. చెయ్యని మగవాళ్లు ఆ లెక్కలో లేనే లేరు. 299 నిమిషాలంటే దాదాపు అయిదు గంటలు. అయిదు గంటల కమ్మదనం!

అందుకని ప్రగతి నగర్‌లో ఆఫీసు బస్సు దిగి కర్రీ పాయింటు ముందు ఆగే అమ్మాయిని చూసి "ఈ కాలం పిల్లలకి ఇంటి వంట పట్టదు" అనేవాళ్లతో నాకు పొసగదు. అన్నం ఇంట్లో వండి కూర బయట కొంటోంది, అంతేగా. వరుగులు ఎండబెట్టుకుందామంటే అపార్టుమెంటు మేడ మీదికి తాళం. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ ఎక్కడో. ఆనాటి ఇల్లాలు కొబ్బరిచిప్పలు వాడుకుంది, ఈనాటి ఇల్లాలు కర్రీ పాయింటు వాడుకుంటోంది.

మా కింది వాటాలో ఒకావిడ ఉంది. మొన్నామధ్య దొండకాయ వేపుడు కొనుక్కొచ్చి, ఇంట్లో అన్నం పెట్టి, పచ్చిపులుసు పిసికి, అందరికీ వడ్డించింది. భర్త "ఇంటి కూరలాగే ఉందే" అన్నాడు, అదో పెద్ద మెప్పు అన్నట్టు. పిల్లాడు ఫోను చూస్తూ తిన్నాడు. వాళ్ల అత్తగారు మాత్రం ఒక ముక్క వేళ్ల మధ్య పట్టుకుని వెలుతురుకి ఎత్తి చూసిందట. "ఇన్ని కిలోలు తరగాలి కదా, అయినా ఎంత సమానంగా తరిగిందో చూడు. కత్తిపీట మీద తరిగిన చెయ్యే ఇది. రేపు వెళ్లినప్పుడు ఆవిడ పేరేమిటో కనుక్కో" అందట.