ఎబెనెజరు: కృతజ్ఞతలో ఓటమి జ్ఞాపకము (1 సమూయేలు 7:12)

సంవత్సరాంతపు కృతజ్ఞతారాధనలో మన సేవకులు తరచుగా ఎన్నుకొనే వాక్యము 1 సమూయేలు 7:12. విశ్వాసుల ఇండ్ల గుమ్మముల మీద, ప్రార్థనా మందిరముల శిలాఫలకముల మీద ఎబెనెజరు అనే పేరు మనమందరము చూచినదే. దేవుని నమ్మకత్వమును జ్ఞాపకము చేసికొనుటకు ఈ వచనము తగదని మేము అనడము లేదు. అయితే ప్రసంగ వేదిక మీద దీనికి చెప్పబడుతున్న అర్థము, గ్రంథములో దీనికి ఉన్న అర్థముకంటె చాలా చిన్నదని మా అభిప్రాయము.

సాధారణముగా వినిపించే ప్రసంగము ఇలా సాగుతుంది. హెబ్రీలో 'ఎబెన్' అంటే రాయి, 'ఎజెర్' అంటే సహాయము. గడచిన సంవత్సరములో ప్రభువు ఇల్లు ఇచ్చాడు, పిల్లలకు ఉద్యోగమిచ్చాడు, వీసా ఇచ్చాడు, ఆపరేషను సఫలము చేశాడు. ఇంతవరకు సహాయము చేసినవాడు ఇకమీదటను చేస్తాడు. ఇందులో అబద్ధమేమీ లేదు. మేలు పొందినవారు నోరు తెరచి చెప్పవలసినదే. కాని ఈ ప్రసంగము 12వ వచనములో మొదలై అక్కడే ముగుస్తుంది.

ఎబెనెజరు అనే పేరు సమూయేలు గ్రంథములో మొదట వచ్చేది 7వ అధ్యాయములో కాదు, 4వ అధ్యాయములో. ఇశ్రాయేలీయులు ఎబెనెజరులో దిగారు, ఫిలిష్తీయులు ఆఫెకులో దిగారు. మొదటి దినము సుమారు 4,000 మంది కూలారు. పెద్దలు షిలోహునుండి మందసమును తెప్పించారు. పాళెములో భూమి ప్రతిధ్వనించేటంత కేక వేశారు. రెండవసారి 30,000 మంది కూలారు. ఏలీ కుమారులిద్దరు చచ్చారు, మందసము పట్టబడింది, పుట్టిన పసివానికి ఈకాబోదు అని పేరు పెట్టబడింది. శత్రువులు మందసమును అష్డోదుకు తీసికొనిపోయినది ఎబెనెజరునుండియే అని 5:1 మరల చెబుతుంది.

ఈ రెండు ఎబెనెజరులు ఒకే స్థలమా? ఆఫెకు మైదాన ప్రాంతములోనిది, మిస్పా బెన్యామీను కొండసీమలోనిది. కాబట్టి పండితులలో అనేకులు వీటిని వేరు వేరు స్థలములుగా ఎంచుతారు. మాకును అదే సబబుగా తోస్తుంది. వేరు స్థలములైతే గ్రంథకర్త ఉద్దేశము మరింత స్పష్టమవుతుంది. ఎక్కడ పేరు చెబితే శవములు గుర్తుకు వస్తాయో, ఆ పేరే సహాయపు రాతికి వచ్చింది. చదువరి ఆ ఓటమిని మరచిపోకుండా ఈ రాతిని చూడలేడు.

ఆ రెండు యుద్ధముల మధ్య ఇరువది సంవత్సరములున్నవి (7:2). ఆ కాలమంతా మందసము కిర్యత్యారీములో ఒక ఇంట ఉన్నది. ప్రజలు యెహోవాను బట్టి దుఃఖించారు. ఆ తరువాతనే బయలు, అష్తారోతు దేవతలను తీసివేయుట, మిస్పాలో నీళ్లు చేది కుమ్మరించుట, ఉపవాసము, పాపపు ఒప్పుకోలు. గమనించండి, ఈసారి యుద్ధమునకు మందసమును ఎవరును తేలేదు. ఉన్నదల్లా ఒక పాలు త్రాగే గొఱ్ఱెపిల్ల, సమూయేలు మొఱ్ఱ.

సమూయేలు పలికిన 'ఇంతవరకు' అనే మాటను కూడ ఇక్కడ ఆలోచించాలి. హెబ్రీలో 'అద్ హెన్నా' అనే మాటకు 'ఈ చోటివరకు' అనియు, 'ఈ కాలమువరకు' అనియు రెండర్థములున్నవి. తెలుగు చెవికి కాలమే ముందు తోస్తుంది. మన సంఘములలో ఆ కాలము జనవరి నుండి డిసెంబరు వరకు కుదించుకొనిపోయింది. సమూయేలు నోట అది ఆ ఇరువది సంవత్సరముల మౌనమును కూడ కలుపుకొనేది కాదా?

ఇది కేవలము వ్యాఖ్యాన సమస్య కాదు. సాక్ష్యముల సమయములో లేచి నిలువలేనివారు ప్రతి సంఘములోను ఉన్నారు. ఆ సంవత్సరమే భర్తను పాతిపెట్టిన స్త్రీ, ఆపరేషను ఫలించని ఇంటివారు, అప్పులో పొలము పోగొట్టుకొన్న రైతు. మేలుల జాబితాయే దేవుని నమ్మకత్వమునకు రుజువైతే, జాబితా లేనివారి విషయములో దేవుడు నమ్మకము తప్పాడని అర్థమవుతుంది. బోధకుడు ఆ మాట అనడు. వెనుక చాపమీద కూర్చున్న ఆమె మాత్రము అదే వింటుంది.

కృతజ్ఞతా దినమున దుఃఖము ఎందుకని కొందరు సేవకులు అడుగవచ్చు. ద్వితీయోపదేశకాండము 26లో ప్రథమఫలముల గంప పట్టుకొని వచ్చినవాడు తన పంటతో మొదలుపెట్టడు. దిక్కులేని పితరునితోను, ఐగుప్తు బానిసత్వముతోను మొదలుపెడతాడు. చివర లేవీయునితోను పరదేశితోను కలిసి సంతోషిస్తాడు. 105వ కీర్తనను ఇష్టముగా చదివే మనము 106ను దాటవేస్తాము. పితరుల పాపములన్నిటిని ఏకరువు పెట్టే ఆ కీర్తనయు స్తోత్రముతోనే ఆరంభమవుతుంది.

ఈ వచనమును విడిచిపెట్టమని మేము సేవకులను కోరడము లేదు. డిసెంబరు 31 ఆరాధనలో మొదటి పాఠముగా 4వ అధ్యాయమును, రెండవ పాఠముగా 7వ అధ్యాయమును చదివించవచ్చు. రెండు కలిపి 39 వచనములు. ఆ తరువాత సాక్ష్యములకు పిలిచేటప్పుడు, ఇంకను జవాబు రాని ప్రార్థనను కూడ లేచి చెప్పవచ్చునని ఒక మాట అంటే చాలు.