బోణీ కాకముందు చెయ్యి చాచొద్దు

చందా అడగడానికి ఒక వేళంటూ ఉంటుంది. అమీర్‌పేటలో అది మధ్యాహ్నం మూడు. పొద్దున్నే వెళితే ఇంకా బోణీ కాలేదంటారు. నిజమే మరి, గల్లాపెట్టెలో రూపాయి పడకముందే చెయ్యి చాచే మనిషి ఎదురైతే ఎవరికైనా చిరాకే. శుక్రవారం పొద్దున అసలే వద్దు. సాయంత్రం ఆరు దాటితే మైత్రీవనం దగ్గర కాలు పెట్టే సందుండదు. మూడింటికైతే గిరాకీ పలచబడి, షాపాయన టీ తెప్పించుకుని కూర్చుంటాడు. మనకూ ఒకటి చెబుతాడు. టీ ఇప్పించిన మనిషికి వెంటనే లేదనడం కష్టం.

ఈ విద్య నాకు బ్యాంకు ఉద్యోగంలో అబ్బలేదు. రిటైరయ్యాక, పంజాగుట్టలో మా ఇంటికి దగ్గరున్న ఒక సర్కారు బడి టీచర్లు పిల్లల్ని నాగార్జునసాగర్ తీసుకెళ్దామనుకుని రసీదు పుస్తకం నా చేతిలో పెట్టారు. అప్పు కోసం వచ్చినవాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి ముప్పై ఏళ్లు ప్రశ్నలడిగినవాణ్ని. ఇప్పుడు కుర్చీ అటువైపుకు మారింది.

మొదటిరోజు నేనన్న మాట, "పేద పిల్లలండీ, ఏదైనా సాయం చేయండి." ఏదైనా అంటే యాభై. మనసున్నవాళ్లయితే వంద. ఒకాయన, "మొన్ననే కదండీ వినాయకుడికి రాశాం" అన్నాడు. నాలుగు గంటలు తిరిగితే వచ్చింది 1,150 రూపాయలు.

ఆ రాత్రి టీచర్లతో కూర్చుని లెక్క వేశాం. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు 48 మంది, టీచర్లు నలుగురు. బస్సు 26,000, అంటే తలకు 500. తిండికి 200, టికెట్లకూ చిల్లర ఖర్చులకూ 200. వెరసి సీటు 900. మర్నాడు 'పేద', 'సాయం' అన్న రెండు మాటలూ ఇంట్లో వదిలేసి బయల్దేరాను. "నగరానికి కృష్ణా నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో పిల్లలకు చూపిద్దామనుకుంటున్నాం. బస్సులో సీటు తొమ్మిది వందలు. ఒకటి రాయమంటారా?" ముందురోజు యాభై ఇచ్చి పంపేసిన స్టేషనరీ షాపాయన రెండు సీట్లు రాయించుకున్నాడు.

ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లి దళితులు వినోబా భావేని అడిగింది 'కాస్త భూమి' కాదు. 40 ఎకరాల తరి, 40 ఎకరాల మెట్ట, మొత్తం 80 ఎకరాలని లెక్క చెప్పారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఇస్తానన్నారు. అలా మొదలైన భూదానం మీద తర్వాత వచ్చిన విమర్శల్లో చాలావాటితో నాకు పేచీ లేదు. కానీ పేరంతా వినోబాకు పోయిందే, ఆ లెక్క చెప్పినవాళ్లను తలుచుకునేవాళ్లు తక్కువ. అడగడం తెలిసినవాళ్లు వాళ్లు.

పంజాగుట్ట వైపు అద్దాల భవనంలో ఉన్న ఒక కంపెనీకీ వెళ్లాం. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, ఒక స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి. ఆ డబ్బు తీసుకుని ఖర్చుపెట్టే సంస్థలకు రిజిస్ట్రేషన్లూ సీఎస్‌ఆర్-1 నంబరూ కావాలి. మా దగ్గరున్నది రసీదు పుస్తకం, హెడ్మాస్టరు మేడం సంతకం. అక్కడి ఆఫీసరు మర్యాదగానే విని, వేరే పద్దులోంచి మొత్తం ఇప్పిస్తానన్నాడు. పిల్లలంతా కంపెనీ టీషర్టులు తొడుక్కుని, బ్యానర్ పట్టుకుని ఫొటో దిగాలట. ఒక్క దెబ్బకు తిరుగుడంతా తప్పుతుంది. దాచడమెందుకు, నాకు నోరూరింది. మేడమే లేచింది. "మా పిల్లలు టూరుకు పోతున్నరండీ, యాడ్‌కు కాదు" అంది.

వారం తిరక్కముందే ఎస్‌.ఆర్‌.నగర్ దారిలో ఒక హాస్టల్ మెట్ల మీద తొమ్మిదిమంది కుర్రాళ్లు నన్ను ఆపారు. సాఫ్ట్‌వేర్ కోర్సుల కోసం ఊళ్లనుంచి వచ్చినవాళ్లు. ఉద్యోగం లేదు, ఫీజు వాయిదా బాకీ. తలా వంద ఫోన్‌పే చేసి, "మా సీటు కిటికీ పక్కది ఇవ్వండి సార్" అన్నారు. రసీదు ఎవరి పేరున రాయమంటే కాసేపు నవ్వుకుని, "రూమ్ నంబర్ 304 అని రాయండి" అన్నారు. అలాగే రాశాను. టిఫిన్ బండి ఆయనైతే డబ్బివ్వలేదు. తెల్లారి అయిదింటికి 52 ఇడ్లీ పొట్లాలు బస్సు దగ్గరికి తెచ్చాడు, చట్నీ విడిగా.

పిల్లల ఇళ్లనుంచి తలా వంద తీసుకున్నాం. మేం వద్దంటే వాళ్లే ఒప్పుకోలేదు. ఎర్రమంజిల్‌లో నాలుగిళ్ల పని చేసే ఒకామె కొంగుముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన నోటు తీసి, "మా పిల్ల ఊకె పోతలేదు సార్, రసీదు రాసియ్యుండ్రి" అంది. రాసిచ్చిన కాగితాన్ని అదే మడతల్లో మళ్లీ ముడేసుకుంది.

సాగర్‌కు 26 గేట్లు. మేం వెళ్లినరోజు ఒక్కటీ ఎత్తలేదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారని సోషల్ సారు చెబుతుంటే, "గేట్లు ఎప్పుడు తీస్తరు సార్?" అని వెనకనుంచి ఒకటే గోల. తిరిగొచ్చాక జమాఖర్చు ఒక కాగితం మీద రాసి, జిరాక్స్ తీయించి, చందా ఇచ్చిన ప్రతి షాపుకూ పంచాను. పైన డ్యాం ఫొటో వేశాం. పిల్లలది వెయ్యలేదు. ఆ కాగితం స్టేషనరీ షాపులో దేవుడి పటాల పక్కన ఇప్పటికీ అతికించి ఉంది.

ఇవ్వనివాళ్ల మీద నాకు కోపం లేదు. లేదన్నవాడు నాకో తిరుగుడు తప్పించాడు. చిక్కల్లా మొహమాటస్తులతోనే. ఒకాయన నన్ను ఆరుసార్లు తిప్పాడు. దయ్యం ఇంట్లోకి రాకుండా వెనకటికి తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసేవారు. చందా పుస్తకం పట్టుకున్నవాడికి అదే మాట నవ్వుతూ నోటితో చెబుతారు.

ఈసారి గోల్కొండకు అనుకుంటున్నాం. అక్కడ పదిహేనేళ్లలోపు పిల్లలకు టికెట్టు లేదు, బస్సు దూరమూ తక్కువే కాబట్టి సీటు ధర బాగా దిగుతుంది. వచ్చేవారం నుంచి మూడింటికి మీ వీధిలోకి వస్తాను. వీలైతే సీటు రాయించండి. కాకపోతే లేదనండి. రేపు రమ్మని మాత్రం అనకండి.