ఉప్పును వేరుచేయు విద్య

ఇసుకలో కలిసిన ఉప్పును తిరిగి రాబట్టుట యెట్లని అడిగినచో, నీట కలిపి, వడగట్టి, తేరిన నీటిని మరగించవలెనని బడిపిల్లవాడైనను తడుముకొనక చెప్పును. నవాసారము కలిసిన ఉప్పునైనచో వేడిచేసిన చాలును. నవాసారము ఆవిరియై పైకెగసి, బోర్లించిన గరాటు లోపలి గోడలకు తెల్లని పొడియై అంటుకొనును, ఉప్పు అడుగుననే నిలుచును. ఒకటి కరగునది, ఒకటి కరగనిది. ఒకటి ఎగయునది, ఒకటి నిలుచునది. ఇంతవరకు చిక్కేమియు లేదు. నీట కరగిన లవణములే పలువిధములైనవి ఒక్కచోట చేరియున్నపుడు వానిలోనుండి మన వంటింటి ఉప్పును మాత్రము తీయుట యెట్లన్నదే అసలైన ప్రశ్న. దానికి సమాధానము నాకు పాఠ్యగ్రంథములలో కంటె మన తీరమున నౌపడ, చినగంజాముల ఉప్పుమళ్ళ గట్లపై ఎక్కువగా బోధపడినది.

లీటరు సముద్రజలమున సుమారు 35 గ్రాముల లవణములుండును. అందు సోడియం క్లోరైడు 27 గ్రాములు మాత్రమే. తక్కినదానిలో అధికభాగము మెగ్నీషియం, కాల్షియం, పొటాషియములకు చెందినది. ఎండ ముదిరిన దినములలో, కాళ్ళతో తొక్కి తొక్కి గట్టిపరచిన మడులలోనికి ఆ నీటిని ఒకదాని వెంట ఒకటిగా పారించి, ఎండకును గాలికిని అప్పగింతురు. తొలుత సున్నపు పదార్థము, పిమ్మట జిప్సం అడుగున దిగును. నీరు పదింట తొమ్మిది పాళ్ళు ఆవిరియై, ఉప్పునీటి చిక్కదనమును కొలుచు బోమే మాపకము 25 డిగ్రీలు చూపునప్పటికి గాని ఉప్పు గడ్డకట్టనారంభింపదు. జిప్సం దిగిన మడి వేరు, ఉప్పు పేరుకొను మడి వేరు. నీటిని ఏ ఘడియ ముందునకు వదలవలెనో ఎరిగియుండుటయే ఆ కృషియందలి రహస్యము.

అంతకంటె మిక్కిలి మెళకువ కావలసినది ఆపుటయందు. 29 డిగ్రీలు దాటినచో మెగ్నీషియం లవణములు కూడ ఉప్పుతో పాటు దిగుటకు సిద్ధపడును. కావున చేదెక్కిన ఆ మిగులు నీటిని ఉప్పు రైతు నిర్దయగా బయటికి తోడివేయును. ఇంకను కొంత ఉప్పు దక్కునను ఆశకు లోబడి ఆలస్యము చేసినవాని సరకు నాలుకకు చేదుగా తగులును, వానకాలమున గాలిలోని తేమను పీల్చి కుండలోనే నీరుకారును. రసాయనశాస్త్రమున అంశిక స్ఫటికీకరణమని మనము గంభీరముగా పిలుచునది ఇదియే. మోకాళ్ళవరకు ఉప్పునీట నిలిచి దానిని నిర్వహించువారిని శాస్త్రజ్ఞుల సరసన కూర్చుండబెట్టుటకు నాకు సంకోచము లేదు.

ఎండయే ఏల కావలెనన్న సందేహమునకు కూడ ఇచ్చట సమాధానమున్నది. సురేకారము వేడినీట విస్తారముగా కరగి, చల్లారగానే సూదులవలె విడివడును. ఉప్పుకు ఆ గుణము లేదు. నూరు గ్రాముల చల్లని నీట 36 గ్రాములు కరగు ఉప్పు, సలసల మరగు నీటనైనను 39 గ్రాములకు మించి కరగదు. కనుకనే చల్లార్చి ఉప్పును తీయజాలము, నీటినే పోగొట్టవలెను. సురేకారమును శుద్ధిచేయువారు ఈ భేదమునే ఆధారముగాగొని, ద్రావణమును చల్లార్చి సురేకారమును గ్రహించి, ఉప్పును నీటిలోనే విడిచిపెట్టుదురు.

మడిలోని కల్లుప్పును అరచేత నుంచుకొని పరిశీలించినచో, చదరపు ముఖములవెనుక పాలవలె మసకబారిన భాగము కానవచ్చును. పెరుగుచున్న స్ఫటికము తనలో బంధించుకొనిన ఉప్పునీటి బిందువులవి. దిష్టి తీసి పొయ్యిలో వేసిన ఉప్పు చిటపటలాడుటకు కారణము ఈ బిందువులు ఆవిరియై స్ఫటికమును పగులగొట్టుటయే. పగిలిన ప్రతి తునకయు మరల ఉప్పే! ఎంత నూరినను, 801 డిగ్రీల వేడిమిలో కరగి ద్రవమైనను అది ఉప్పుగానే యుండును. అందలి సోడియమును, క్లోరిన్‌ను విడదీయుటకు విద్యుత్తు కావలసివచ్చినది.

అదియు తేలికగా సిద్ధింపలేదు. 1774లో షీలే అను రసాయనవేత్త క్లోరిన్‌ను వేరొక మార్గమున పట్టుకొనెను గాని అది మూలకమని ఎరుగడు. 1810లో హంఫ్రీ డేవీ దానిని మూలకమని ప్రకటించెను. ఆ డేవీయే అంతకుముందు కాస్టిక్ సోడా ద్రావణమున విద్యుత్తును ప్రసరింపజేసి చూడగా, విడివడినది నీరు మాత్రమే. నీరున్నంతవరకు సోడియం చేజిక్కదని గ్రహించి, 1807 అక్టోబరులో ఆయన కాస్టిక్ సోడానే కరగించి విద్యుత్తును పంపగా, వెండివలె మెరయు లోహకణములు వెలువడినవి. నేటికిని ఉప్పునీటిలో విద్యుత్తును పంపిన కర్మాగారమునకు లభించునవి క్లోరిన్, హైడ్రోజన్, కాస్టిక్ సోడాలే గాని సోడియం లోహము కాదు. ఉప్పుమడిలో వలెనే ఇచ్చటను నీటిని తొలగించుటయే ప్రథమ కార్యమగుట నన్ను ఎప్పుడును ఆకర్షించు విషయము.

1924లో డౌన్స్ అను అమెరికా దేశీయుడు పేటెంటు పొందిన పాత్రలో కరగిన ఉప్పునే నేరుగా విడదీయుదురు. కాల్షియం క్లోరైడు చేర్చుటచే 801 డిగ్రీలకు బదులు సుమారు 600 డిగ్రీల వేడిమియే సరిపోవును. నడుమనున్న కర్బన ధ్రువమువద్ద క్లోరిన్ బుడగలై లేచును. చుట్టునున్న ఇనుప ధ్రువమువద్ద పుట్టిన సోడియం తేలికగుటచే పైకి తేలును. 58.5 గ్రాముల ఉప్పునుండి 23 గ్రాముల సోడియం, 35.5 గ్రాముల క్లోరిన్ వచ్చును. రెండు ధ్రువములకు మధ్య ఇనుప జాలి యొకటి అమర్చుదురు. అది లేనిచో, అంత విద్యుత్తు వెచ్చించి విడదీసిన రెండును అక్కడికక్కడే కలిసి తిరిగి ఉప్పగును.