కనపడని గ్రంథుల చుట్టూ గీత

పురీషనాళం క్యాన్సర్‌కి కరెంటు (రేడియేషన్) పెట్టేటప్పుడు గడ్డ ఒక్కదాన్నే గురి చూస్తే చాలదు. అక్కణ్ణుంచి లింఫ్ గ్రంథుల్లోకి జారుకున్న కణాల్నీ పట్టాలి. చిక్కేమిటంటే, క్యాన్సర్ అప్పుడప్పుడే చేరిన గ్రంథి స్కానులో మామూలు గ్రంథిలాగే ఉంటుంది. రేడియేషన్ డాక్టరు పనితనమంతా ఇక్కడే తెలుస్తుంది.

కొల్లేట్లో గుర్రపుడెక్క ఎక్కడ తేలుతుందో తెలియాలంటే దాని వెంట తిరగరు, నీరు ఉప్పుటేరు వైపు పోయే దారి చూస్తారు. లింఫ్ కూడా రక్తనాళాల వెంటే సాగుతుంది కాబట్టి డాక్టరు ఆ నాళాల్నే పట్టుకుంటారు. పురీషనాళం చుట్టూ ఉన్న కొవ్వు పొర, త్రికాస్థి ముందున్న జాగా, కటివలయం పక్కన లోపలి ఇలియాక్ నాళాల వెంబడి భాగం సాధారణంగా, కిరణాలు పడాల్సిన మేర చుట్టూ డాక్టరు స్కాన్ మీద గీసే గీతలోకి వస్తాయి. గడ్డ ముందుకు పాకి మూత్రాశయాన్నో గర్భాశయాన్నో అంటుకుంటే బయటి ఇలియాక్ నాళాల్నీ కలుపుతారు.

రక్తనాళం నుంచి ఎంత దూరం గీయాలి? 2005లో ఇంగ్లండు పరిశోధకులు కటిభాగంలో క్యాన్సర్ ఉన్న 20 మంది స్త్రీలకు ఐరన్ ఆక్సైడ్ సూక్ష్మరేణువులు ఎక్కించి, ఎమ్మారైలో గ్రంథుల్ని గుర్తించారు. నాళం చుట్టూ 7 మిల్లీమీటర్లు గీసి, కొన్నిచోట్ల కాస్త పెంచితే దాదాపు అన్నీ లోపలికొచ్చాయి.

నాకు అబ్బురమనిపించేది ఆ 7 తర్వాత జరిగే పని. కంప్యూటరు నాళం చుట్టూ సమంగా గీసిన గీత ఎముకలోకీ కండలోకీ దూసుకుపోతుంది. అక్కడ గ్రంథులుండవు. డాక్టరు ఒక్కో స్కాన్ ముక్క తెరిచి, ఎముక అంచు వెంబడి ఆ గీతను చెక్కుతారు. అలాంటి ముక్కలు పదులకొద్దీ ఉంటాయి. ఎక్కువ చెక్కితే గ్రంథి తప్పిపోతుంది, తక్కువ చెక్కితే పక్కనున్న పేగు దెబ్బతింటుంది. ఇంత ఓపిక ఎక్కడిదా అనిపిస్తుంది.

పేషెంటు పాత్ర కూడా ఇందులో ఉంది. నీళ్ళు తాగి, మూత్రం ఆపుకుని పడుకుంటే నిండిన మూత్రాశయం చిన్నపేగును పైకి నెట్టి కిరణాల దారి నుంచి తప్పిస్తుంది. ప్రతి సిట్టింగుకీ దాదాపు అదే నిండుదనం ఉండాలి.

తాడేపల్లిగూడెం నుంచో, కైకలూరు పక్క లంక ఊళ్ళ నుంచో విజయవాడకో గుంటూరుకో వెళ్ళేవాళ్ళకు సిట్టింగుల లెక్క చాలా ముఖ్యం. 2004లో వెలువడిన జర్మనీ ట్రయల్‌లో ఆపరేషన్‌కు ముందు కీమోతో కలిపి 28 సిట్టింగుల్లో మొత్తం 50.4 గ్రే డోసు ఇచ్చారు. 1997 నాటి స్వీడన్ ట్రయల్‌లో ఒక్క వారంలో 5 గ్రే చొప్పున 5 సిట్టింగులు. ఈ వారం పద్ధతిలో చెరువు పని, కూలి వదులుకునే రోజులు బాగా తగ్గుతాయి. అయితే ఎవరికి ఏది నప్పుతుందో గడ్డను బట్టి డాక్టర్లే తేలుస్తారు. వారం పద్ధతిలో గీత తప్పుగా పడితే దిద్దుకునే వ్యవధి దాదాపు ఉండదు. అందుకే మెషీన్ ఆన్ చేయకముందే ఆ గీతను మరో డాక్టరు చూడటం, ఫిజిసిస్టు డోసును కొలిచి సరిచూడటం మంచి పద్ధతి.