చింతగింజల లెక్క

నలభై ఫారాలు పంచితే నలభైలోనూ ‘చాలా బాగుంది’ దగ్గరే టిక్కు. కరీంనగర్ దగ్గర ఒక బాలికల హాస్టల్లో మేం నడిపిన మెంటరింగ్ మొదటి విడత అది. ఆ కట్ట ఒళ్లో పెట్టుకుని తిరుగు బస్సులో మురిసిపోయాను. పెండ్లిభోజనం చేసిన చుట్టం చేయి కడుక్కుంటూ పప్పులో ఉప్పెక్కువైందని అంటాడా? ఆ మాత్రం నాకు తట్టలేదు.

మా పద్ధతి చిన్నదే. డిగ్రీ చదివే అమ్మాయిలు నెలకు రెండు ఆదివారాలు వచ్చి ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో కూచుంటారు. ఒక్కొక్కరికి ఐదుగురు. కాగితం మీద ‘మెంటర్’ అని రాసుకున్నాం గాని, గంట తిరక్కుండానే ఆ మాట పోయి ‘అక్క’ వచ్చింది. సెమిస్టర్ పరీక్షలొస్తే మెంటర్ మానేయొచ్చు. అక్క ఎట్లా మానేస్తుంది?

ఇట్లాంటి పని మీద అమెరికాలో పాత ముచ్చట ఒకటుంది. 1939లో మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్, సోమర్‌విల్ పట్టణాల్లో 506 మంది మగపిల్లల్ని తీసుకుని, సగం మందికి మంచీచెడ్డా చూసే సలహాదారుల్ని పెట్టారు. మిగతా సగాన్ని వాళ్ల మానాన వదిలారు. ఆ పని ముగిసిన ముప్పై ఏండ్ల తర్వాత పరిశోధకురాలు జోన్ మెక్‌కార్డ్ వాళ్ల ఆచూకీ తీశారు. సాయం అందినవాళ్లలో మూడింట రెండొంతుల మంది ‘మాకు మేలు జరిగింది’ అన్నారు. 1978లో ఆమె ప్రచురించిన లెక్కలో మాత్రం తాగుడులోనూ, రోగాల్లోనూ వాళ్లే రెండో గుంపును మించిపోయారు. మగపిల్లల సంగతి కదా అని తోసేయబోయాను గాని, నా నలభై టిక్కులు కళ్ల ముందుకొచ్చాయి.

మన దేశంలోనూ 2010లో వచ్చిన సబల పథకం 11–18 ఏండ్ల ఆడపిల్లల్ని గుంపులు కట్టి, వాళ్లలోంచే ఒకరిని ‘సఖి’ని చేసింది. ఆ ఆలోచన నాకిప్పటికీ ఇష్టం. ఆ పథకంలో పంచిన ఐరన్ మాత్రలకైతే రిజిస్టరు ఉండేది. సఖితో చెప్పుకున్న మాటలకు?

ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు వైపు వెళ్లినప్పుడు ఫారం పూర్తిగా చేతులెత్తేసింది. ఇంట్లో గోండి మాట్లాడే పిల్ల తెలుగు ప్రశ్న చదవలేదు, పక్కపిల్ల టిక్కు చూసి తనూ అక్కడే పెట్టింది. అప్పుడు కాగితాలు పక్కన పెట్టి చింతగింజలు తెచ్చాం. చీర అడ్డం కట్టి, వెనక రెండు కుండలు. పెద్దపిల్ల ఒకతి ప్రశ్న గోండిలో అడిగేది: ‘అక్కకు చెప్పలేని మాట ఏదన్నా ఉందా?’ సగానికి పైగా గింజలు ‘ఉంది’ కుండలోనే పడ్డాయి. నాలుగు నెలల తర్వాత మళ్లీ అదే ప్రశ్న, అవే కుండలు. గింజలు తగ్గాయి గాని, నేను ఆశపడ్డంత కాదు.

అయినా గింజ వేసేది వచ్చిన పిల్లే కదా. పండుగ సెలవులకు ఇంటికి పోయి తిరిగిరాని పిల్ల ఏ కుండలో వేస్తుంది? అందుకే ఇప్పుడు లెక్క అక్కణ్నుంచే మొదలుపెడుతున్నాం. అట్లా ఒక పిల్ల ఇంటికి పోతే, తల్లి ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. మాట్లాడుతున్నంతసేపూ ఆమె వేళ్లు ఆగలేదు.

‘అక్క ఫోన్ జేస్తదని వారం దినాలు సూసింది మేడం. జెయ్యలె.’

ఆ అక్క డిగ్రీ అయిపోయి హైదరాబాద్ వెళ్లిపోయింది. పిల్లలకు చెప్పి వెళ్లమని ఆమెకు మేమెవరమూ చెప్పలేదు.

ఈ జూన్‌లో కొత్తగా అక్కలవుదామని వచ్చిన అమ్మాయిల్ని మొదట అడిగింది అదే: ఏడాది నిండా ఉంటరా, పోయేటప్పుడు చెప్పి పోతరా? ముగ్గురు లేచి వెళ్లిపోయారు. వాళ్లను ఆపలేదు.